నడుం వాల్చడం

మా అమ్మ నిద్రపోతుండగా నేను చూసింది చాలా తక్కువ. నిద్రపోయేది కాదని కాదు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయి, అంట్లు పెరట్లో వేసి, వంటింటి గట్టు తుడిచాక, నడవలో చల్లటి గచ్చు మీద కొంగు పరుచుకుని కాసేపు నడుం వాల్చేది. దిండు వేసుకునేది కాదు, చెయ్యే తలగడ. వీధి గేటు గొళ్ళెం చప్పుడైతే చాలు, దిగ్గున లేచి కూర్చునేది. ముడి వేసుకుంటూ, కొంగుతో మొహం తుడుచుకుంటూ, వచ్చినవాళ్ళు ఏమీ అడక్కముందే "ఇప్పుడే వదినా, ఇలా వాల్చాను. కన్నైనా మూతపడలేదు" అనేది. చెంప మీద గాజుల అచ్చు ఎర్రగా కనిపిస్తూనే ఉండేది.

అంత అచ్చు పడాలంటే అరగంటైనా ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉండాలి. వచ్చినావిడకీ ఆ సంగతి తెలుసు. ఆవిడ చెంప మీదా అలాంటి అచ్చులు పడతాయి కాబట్టి ఏమీ అనేది కాదు.

నాన్నగారి నిద్ర వేరు. ఆయన బడిపంతులు. వేసవి సెలవుల్లో వసారాలో పడక్కుర్చీ వేసుకుని, పేపరు మొహం మీద కప్పుకుని పడుకునేవారు. ఆ నిద్రకి ఇంటిల్లిపాదీ కాపలా. బావి గిలక కిర్రుమంటుందని నీళ్ళు తోడడం ఆపేసేవాళ్ళం. "నాన్నగారు పడుకున్నారు" అని అమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని చెబితే, పని మీద వచ్చిన పెద్దమనుషులు కూడా గొంతు తగ్గించి "లేచాక వస్తాంలే అమ్మా" అని వెనక్కి తిరిగేవారు. అమ్మ వెళ్ళి వసారా తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసేది. నాన్నగారి మీద ఫిర్యాదుగా ఈ మాట రాయడం లేదు. ఏడాదంతా ఎండనకా వాననకా సైకిలు తొక్కి బడికి వెళ్ళొచ్చిన మనిషికి ఆ నిద్ర దక్కాల్సిందే. అమ్మ కోసం అలా తలుపు వేసినవాళ్ళు లేరని మాత్రమే రాస్తున్నాను. ఆ లేనివాళ్ళలో నేనూ ఉన్నాను.

మాటలోనే ఉంది తేడా అంతా. నాన్నగారు "ఓ కునుకు తీశాను" అనేవారు. తనకి రావలసినదాన్ని తీసుకున్నట్టు ఉంటుంది ఆ మాట. అమ్మ నోట అది ఎప్పుడూ వినలేదు. "నడుం వాల్చాను" అనేది. పడుకున్నది మనిషి కాదు, నడుము. పొద్దుటి నుంచీ వంగి ఊడ్చి, వంగి ముగ్గేసి, వంగి పొయ్యి ఊది, వంగి బట్టలు జాడించిన నడుము. దానికి కాసేపు సెలవిచ్చింది గానీ తను మేలుకునే ఉంది, పిలిస్తే పలుకుతుంది. విశ్రాంతి అడగడానికి ఇంతగా ఒదిగిపోయిన మాట నాకింకొకటి తెలియదు. చిన్నప్పుడు అది ముద్దుగా వినిపించేది. ఇప్పుడు వింటే గుండె కలుక్కుమంటుంది.

నిరుడు జూన్ నెలాఖరులో నాకు గర్భసంచి తీసేశారు. ఆరు వారాలు బరువులెత్తకూడదు, వంగకూడదు, ఇంట్లోనే నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువసేపు పడుకోవాలి అన్నారు డాక్టరుగారు. నాకు యాభై ఒక్క ఏళ్ళు. ఇరవయ్యేడేళ్ళ ఉద్యోగంలో పాప పుట్టినప్పుడు తప్ప నెల రోజులు ఇంటిపట్టున ఉన్నది లేదు. రాజమండ్రిలోని మా ఇంటికి అమ్మ కోనసీమ నుంచి వచ్చి కూర్చుంది. కూర్చుంది అనడం తప్పు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నన్ను మంచం దిగనివ్వకుండా తను మాత్రం ఇల్లంతా తిరిగింది.

మొదటి పది రోజులూ నాకేమీ అనిపించలేదు. నొప్పి ఉంది. నొప్పి ఉన్నంతసేపూ పడుకోవడానికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. పదకొండో రోజునో పన్నెండో రోజునో నొప్పి తగ్గింది. సరిగ్గా అప్పుడే ఇంకోటి మొదలైంది. వంటింట్లో కుక్కర్ కూత వినిపిస్తుంటే ఒళ్ళు బిగుసుకునేది. మా ఆయన అంట్లు సర్దుతున్న చప్పుడుకి, ఏ గిన్నె ఏ అరలో పెడుతున్నారో మంచం మీద నుంచే లెక్క కట్టేదాన్ని. పాత చీరలు తెప్పించుకుని పడుకునే మడతలు పెట్టాను. పావుకిలో వెల్లుల్లి పొట్టు ఒలిచాను. నాలో మొదలైన ఈ బాధకి మనవాళ్ళు వాడుకలో పెట్టుకున్న పేరు కూడా సరిగ్గా లేదు. అపరాధ భావం అనేది పుస్తకాల మాట. మా పిల్లలు గిల్టీగా ఉంది అంటారు. మా అమ్మ తరం వాళ్ళు "తిన్నది ఒంటికి పట్టడం లేదు" అనేవారు. నాకైతే అదే సరైన మాట అనిపించింది. పని చేయకుండా తిన్న ముద్ద గొంతు దిగేది గానీ, ఆపైన దిగేది కాదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. ఆస్తి తగలేసుకునేవాళ్ళని హెచ్చరించడానికి పుట్టిన మాట అది. దాన్ని మేము ఎవరి మీదికి తిప్పామో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒళ్ళు బాగోలేని కోడలి మీదికి, పరీక్షలైపోయి కిటికీ దగ్గర కూర్చున్న ఆడపిల్ల మీదికి, చివరికి కుట్లింకా ఆరని నా మీదికి నేనే.

ఒక మధ్యాహ్నం నిజంగానే కన్నంటుకుంది. గేటు చప్పుడైంది. నాకు తెలియకుండానే లేచి కూర్చున్నాను, పక్కనున్న పేపరు చేతిలోకి తీసుకున్నాను. కుట్లు చురుక్కుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చింది మా అమ్మాయి, స్కూలు నుంచి. బ్యాగు కింద పెడుతూ, "ఎందుకు లేచావమ్మా? నేనేగా" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తలుపు పక్కన మా అమ్మ నిలబడి ఉంది. తనేమీ అనలేదు గానీ, నేను జుట్టు సవరించుకున్న తీరు చూసి తల తిప్పుకుంది. ఎవరూ నాకు నేర్పని పాఠం అది. గచ్చు మీద నుంచి దిగ్గున లేచే మనిషిని పదిహేనేళ్ళు చూసి, ఒంట్లోకి ఎక్కించుకున్నాను. ఇంకో పదేళ్ళకి నా కూతురూ అలాగే లేస్తుంది. మంచం మీద ఉన్న మిగతా రోజులన్నీ నేను ఆలోచించింది దీని గురించే.

మొదట చేసిన పని, విశ్రాంతికి సాక్ష్యాలు వెతకడం. చాలా దొరికాయి. మన ఒంటి బరువులో మెదడు వంతు 2 శాతమే అయినా, ఒంటికయ్యే శక్తి ఖర్చులో దాదాపు 20 శాతం దానిదే. మనం ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. ఊరికే ఉన్న వేళ మెదడులో కొన్ని భాగాలు కలిసికట్టుగా పనిచేస్తూ ఉంటాయని మార్కస్ రైక్లీ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 2001లో రాశారు. చదివి ఎంత ఊరట పడ్డానో. పడుకున్నా నా మెదడు పనిచేస్తూనే ఉందన్నమాట!

తర్వాత మా కాలువ గుర్తొచ్చింది. మా ఊరి కాలువ ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పారేది. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా కట్టించిన ఆనకట్ట అది. దాళ్వా కోతలయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేసేవారు. నాలుగు రోజుల్లో నీరు గుంటల్లోకి చేరేది, పిల్లలం బురదలో దిగి చేపలు పట్టేవాళ్ళం. పూడిక తీసేవారు, గట్లు వేసేవారు, లాకుల తలుపులకి మరమ్మతులు చేసేవారు. జూన్‌లో "కాలువలు వదిలారు" అన్న కబురు ఊరంతా పండగలా పాకేది. ఇప్పుడు సముద్రానికీ అలాంటి సెలవుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. కాలువకి ఉంది, కడలికి ఉంది, నాకెందుకు ఉండకూడదు అనుకున్నాను.

ఈ వాదన నాకు రెండు రోజులు నిద్ర పట్టించింది. మూడో రోజుకి వెలితి తెలిసింది. కాలువ కట్టేసేది సార్వాకి నీళ్ళు బాగా పారడానికి. వేట ఆపేది తర్వాత వలలు నిండడానికి. నేను పడుకున్నది మళ్ళీ ఆఫీసుకి పనికొచ్చేలా తయారవడానికి. అన్నింటి చివరా దిగుబడే ఉంది. అంటే విశ్రాంతి ఇప్పటికీ పని దగ్గర తీసుకున్న అప్పే, తిరిగి తీర్చాలి. మరి ఏ పనికీ పంపని పడక మాటేమిటి? మా అమ్మ ఇక ఏ కాలువకి నీళ్ళివ్వాలని పడుకోవాలి? డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి మధ్యాహ్నం నిద్ర వల్ల రేపు పెరిగే పని సామర్థ్యం ఏమిటి? ఈ ప్రశ్న వేసుకున్నాక ఆ సాక్ష్యాలన్నీ మూట కట్టి పక్కన పెట్టాను. అవి అబద్ధాలని కాదు. నేను నిరపరాధినని రుజువు చేసుకోవడానికే వాటిని పోగు చేశాను. అసలు నేరమే లేనిచోట సాక్ష్యం దేనికి?

నా మూడో వారంలో తొలి ఏకాదశి వచ్చింది. ఎదురింటి పిన్నిగారు పేలపిండి తెచ్చిచ్చారు, జొన్న పేలాలు, బెల్లం, కాస్త ఏలక్కాయ. ఆ రోజున విష్ణుమూర్తి పాలకడలిలో నిద్రకి ఉపక్రమిస్తాడని, మళ్ళీ కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. నాలుగు నెలలు! నెల్లూరులో పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుడు శేషుడి మీద పడుకునే దర్శనమిస్తాడు. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో తాళ్ళపాక వంశంవాళ్ళు లాలి పాడి స్వామిని నిద్రపుచ్చుతారు. పడుకున్న దేవుడికి మనం చేతులెత్తి దండం పెడతాం. లేచాక ఏం సాధిస్తావు స్వామీ అని ఎవరం అడగం. నేను పెద్ద భక్తురాలిని కాను. కానీ ఆ పేలపిండి నోట్లో వేసుకుంటూ, ఏ ఫలితమూ ఆశించని నిద్రని మనవాళ్ళు పండగ చేసుకున్నారన్న సంగతి మొదటిసారి నా చెవికెక్కింది. దేవుడి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలొత్తే లక్ష్మీదేవి ఎప్పుడు పడుకుంటుందన్నది వేరే ప్రశ్న. అది మా అమ్మ అడిగింది, పిండి గిన్నె తీసుకెళ్తూ.

మనుషులకి మాత్రం సెలవు పండగలా రాలేదు. వారానికి ఒక రోజు సెలవు అనేది మన దేశపు మిల్లు కార్మికులకి ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా పనిచేసేవాళ్ళ తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన 1884 నుంచి ఆదివారం సెలవు కోసం అడుగుతూనే ఉంటే, 1890లో గానీ మిల్లు యజమానులు ఒప్పుకోలేదు. ఆయన జ్యోతిబా ఫూలే సహచరుడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలకి మించి పని చేయించకూడదని, వరసగా 5 గంటలు చేశాక అరగంటైనా విరామం ఇవ్వాలని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ప్రకటించిన మానవ హక్కుల్లో 24వది విశ్రాంతికీ తీరిక్కీ సంబంధించింది. హక్కు అంది, బహుమతి అనలేదు. ఈ చరిత్ర తెలిసినవాళ్ళకి, వారానికి 70 గంటలు, 90 గంటలు పనిచేయండని పెద్ద పెద్ద కంపెనీల పెద్దలు ఈమధ్య చెప్పిన హితవులు వింటే కోపం రావాలి. నాకు వచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచడానికి ఆమోదం తెలిపినప్పుడూ వచ్చింది.

ఈ చట్టాలేవీ వంటింటి గడప దాటలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం తమ రోజుని ఎలా ఖర్చుపెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటి పనుల్లో చెయ్యిపెట్టేవాళ్ళలో ఆడవాళ్ళు గడిపేది రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు గడిపేది 97. మళ్ళీ 2024లో లెక్క తీస్తే ఆడవాళ్ళది 289 అయింది. ఐదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళదీ తొమ్మిది నిమిషాలు తగ్గి 88కి వచ్చింది. 289 నిమిషాలంటే ఐదు గంటలకి కాస్త తక్కువ. ఫ్యాక్టరీలో అయితే ఆ తర్వాత అరగంట కూర్చోమని చట్టమే చెప్పేది. ఇంట్లో ఆ అరగంటకి గేటు చప్పుడు అడ్డం.

నా ఆరు వారాల పడకని మోసింది ఇంకొకావిడ కూడా. మా ఇంట్లో అంట్లు తోమి ఇల్లు తుడిచే ఆవిడ. ఏడేళ్ళుగా వస్తోంది, ఆదివారంతో సహా. నేను మంచం మీద ఉన్న రోజుల్లో పని ఎక్కువైతే డబ్బులు ఎక్కువిచ్చాం, దాంతో నా మనసు సమాధానపడింది. ఇంటి పనివాళ్ళకి వారంలో వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. ఇది చదివిన రోజున, నా మంచం పక్కన తడిగుడ్డ పెడుతున్న ఆవిడతో, ఇకనుంచి ఆదివారం రావద్దు, జీతం తగ్గించం అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. "ఇంటికాడ ఉంటే మాత్రం పడుకుంటానా అమ్మా" అంది. ఆ మాట నిజం. నా దగ్గర దానికి విరుగుడు లేదు.

రెండు ఆదివారాలు గడిచాక, నిన్న ఏం చేశావని అడిగాను. "ఏం లేదమ్మా. తలకి పోసుకున్నా. వేపచెట్టు కింద ఊరికే కూర్చున్నా" అంది.

ఊరికే. ఈ మాట చుట్టూ చాలాసేపు తిరిగాను. డబ్బు తీసుకోకుండా ఇచ్చింది ఊరికే ఇచ్చినట్టు. పనేమీ లేకుండా చుట్టాలింటికి వెళ్తే ఊరికే వచ్చినట్టు, అలా వచ్చిన చుట్టమంటేనే మనకి ఎక్కువ ఇష్టం. ఏడ్చే పిల్లని ఊరుకోబెడతాం. వెల కట్టకపోవడం, కారణం చెప్పకపోవడం, మనసు నెమ్మదించడం మూడూ ఒకే మాట చుట్టూ చేరాయి. అలాంటి మాటని మనం ఎప్పుడు తిట్టుగా మార్చుకున్నాం? "ఊరికే కూర్చుంది" అంటే నింద. ఆవిడ నోట మాత్రం ఆ సోమవారం అది నిందలా లేదు.

ఇంకో చిన్న సంగతి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు నన్ను చూడ్డానికి వచ్చాడు. చేతి గడియారం రాత్రి తన నిద్రకి 72 మార్కులు వేసిందని, 85 రావాలని, అందుకని పడుకునే ముందు చేయాల్సిన పనుల జాబితా ఒకటి పెట్టుకున్నానని చెప్పాడు. అమెరికా వాళ్ళతో రాత్రి పదకొండు దాకా మీటింగులు. ఇరవయ్యెనిమిదేళ్ళ పిల్లాడు, కళ్ళ కింద నలుపు. నిద్రలో కూడా పరీక్ష రాస్తున్నాడు. "ఆ గడియారం తీసి కాసేపు పడుకోరా" అన్నాను. సోఫాలో రెండు గంటలు పడుకున్నాడు. మార్కులెన్నో తెలియదు.

ఆరు వారాలు అయిపోయాయి. ఆఫీసుకి వెళ్తున్నాను. నాలో ఆ బిగువు పూర్తిగా పోయిందని చెప్పను. ఆదివారం మధ్యాహ్నం పడుకున్నప్పుడు కుక్కర్ కూతకి ఇప్పటికీ మెలకువ వస్తుంది. కానీ లేవను. ఎవరైనా ఏం చేస్తున్నారని ఫోనులో అడిగితే "పడుకున్నాను" అంటున్నాను. నడుం వాల్చాననడం లేదు. మొదట్లో ఆ ఒక్క మాట పలకడానికి నాలుక తడబడింది.

అమ్మ ఊరికి బయల్దేరే ముందు రోజు జరిగింది చెప్పాలి. శనివారం, మధ్యాహ్నం రెండున్నర. నేను వెళ్ళేసరికి హాల్లో చాప మీద, ఫ్యాను కింద, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అంత నిశ్చింతగా ఆ మొహాన్ని నేనెప్పుడూ చూడలేదు. గేటు దగ్గర కొరియర్ అబ్బాయి గొళ్ళెం కొట్టాడు. అమ్మ మోచేతి మీద లేవబోయింది. నేను కిందికి కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. "నేను చూస్తాలే, నువ్వు పడుకో" అన్నాను. "ఇప్పుడే వాల్చానే" అంది. చెంప మీద గాజుల అచ్చు. నేను గేటు దగ్గరికి వెళ్ళి పొట్లం తీసుకుని వచ్చేసరికి మళ్ళీ నిద్రపోతోంది. నాలుగున్నర దాకా లేవలేదు. మా అమ్మాయి వస్తే పెదాల మీద వేలు పెట్టుకుని, "అమ్మమ్మ పడుకుంది" అన్నాను. పిల్ల బ్యాగు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి లోపలికి వెళ్ళిపోయింది.

మీ ఇంట్లో ఎవరైనా ఆడమనిషి మధ్యాహ్నం వేళ పడుకుని ఉంటే, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేయండి.